కిరాయి ఇంట్లో బాపు

ఆగస్టు 3, ఆదివారం

ఈ రోజు క్లాసులో పోచమ్మ ఓనరయింది. ఆటో నడిపే నరేందరేమో ఇల్లు అడగవచ్చిన కిరాయిదారు.

మా కిరాయిదారుల తరగతిలో చివరి అరగంట ఇలా ఆడిస్తాను. చెప్పింది మరిచిపోతారు, ఆడింది గుర్తుంటుందని మృదుల మేడం అంటారు. ఈ తరగతులు పెట్టే సంస్థను నడిపేది ఆమే. ఓనరు వేషానికి మామూలుగా ఎవరూ ముందుకు రారు. పోచమ్మ మాత్రం కొంగు నడుముకు చెక్కుకుని లేచింది. అంగన్‌వాడీ గదిలో ఉన్న ఒక్క కుర్చీనీ లాక్కుని కాలు మీద కాలు వేసుకుంది. ఎయిర్‌పోర్టులో పొద్దంతా నేల తుడిచే మనిషి. ఓనర్లు ఎలా కూర్చుంటారో ఎన్ని గడపల ముందు నిలబడి నేర్చుకుందో.

"ఏమిట్లోళ్ళు మీరు?" అని మొదటి మాటగానే కులం అడిగింది.

నరేందర్ నా వైపు చూశాడు. తర్వాత నేను నేర్పిన జవాబు అప్పజెప్పాడు. "కిరాయి టైముకు కడతనమ్మా. పాత ఓనర్ నంబర్ ఇస్త, ఫోన్ జేసి అడుగున్రి."

"అబ్బో, లాయర్ సాబ్ వచ్చిండు. నీసు వండుతరా?"

"ఆదివారం ఆదివారం."

"ఆదివారం నేను ఇంట్లుంట. నేను లేని దినం జూసి వండుకోన్రి. వండినంక నాకింత పంపున్రి."

గదంతా నవ్వు. నేనూ నవ్వాను. పోచమ్మ నవ్వలేదు. ముందుకు వంగి అడిగింది. "ఇంట్ల ముసలోళ్ళున్నరా?"

"మా అమ్మ ఉంది."

"నడుస్తదా? మంచంల ఉన్నదా?"

"జర... మంచంలనే."

పోచమ్మ లేచి నిలబడింది. "ఇగ పో బిడ్డా. ఇల్లు లేదు. రేపు ఆమెకేమన్న అయితె ఇల్లు ఆర్నెల్లు తాళమేసుకోని నేనేడ పండాలె?"

ఎవరూ నవ్వలేదు. పోచమ్మ అత్త లచ్చమ్మ యేడాదిగా మంచం మీదే ఉంది. ఈ నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యమన్నారట.

ఈ ప్రశ్నకు జవాబు నా పాఠంలో లేదు. వచ్చే వారం చెప్తానన్నాను.

ఆగస్టు 5

బాపు జావ తాగాడు. సగం గ్లాసు. నిన్నటికంటే నయం.

ఆగస్టు 7, గురువారం

పెద్ద దవాఖానకు వెళ్ళాం. డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. క్రషర్ దుమ్ము ఎన్నేళ్ళు పీల్చాడని అడిగాడు. ఊరు పోయినప్పటినుంచి అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మా ఊరు ఎయిర్‌పోర్టులో కలిసిందని, అప్పటినుంచి బాపు కంకర మిషన్ దగ్గర పనిచేశాడని చెప్పాను.

ఇక తిప్పకండి, ఇంట్లోనే ఉంచి చూసుకోండి అన్నాడు. ఇంటికి పంపుతున్నారంటే అంత భయం లేదనే కదా. అమ్మ దారి పొడుగునా మాట్లాడలేదు. బస్సులో ఆమెకు తల తిరుగుతుంది.

ఆగస్టు 10, ఆదివారం

జవాబు చెప్పాను. "ఇల్లు తీసుకునే ముందే నేరుగా అడగండి. ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, జబ్బు చేయవచ్చు, ఏదైనా జరగవచ్చు, అప్పుడు మీకు అభ్యంతరమా అని. దాచి చేరితే తర్వాత రోడ్డున పడతాం. ఒప్పుకుంటే అగ్రిమెంటులో రాయించుకోండి."

పోచమ్మ అడిగింది. "మీరడిగిన్రా మేడం, మీరు జేరేటప్పుడు?"

మా అగ్రిమెంటులో అన్నీ పక్కాగా ఉన్నాయని చెప్పాను. అది నిజం. కరెంటు మీటరు, అడ్వాన్సు, ఖాళీ చేయాలంటే రాతపూర్వకంగా నోటీసు, అన్నీ నేనే దగ్గరుండి రాయించాను. మా ఊరు ఇచ్చేసిన కాగితాల మీద బాపు వేలిముద్ర ఉంది. అమ్మ వేలిముద్ర ఉంది. మా ఇంట్లో చదివి, అర్థం చేసుకుని, సంతకం పెట్టిన మొదటి కాగితం ఇదే.

ఇక బాపు సంగతి. జూన్‌లో చేరినప్పుడు తన కాళ్ళ మీద తనే మెట్లెక్కాడు. కాస్త దగ్గేవాడు. దాన్ని దాచడం అనరు.

ఆగస్టు 13, బుధవారం

పోచమ్మ ఫోన్ చేసింది. మంఖాల్‌లో ఇల్లు దొరికిందట. అడ్వాన్సు చేతిలో పట్టుకుని ఉన్నదట.

"అంత అయిపోయింది మేడం. తాళంచెవి గూడ ఇయ్యవట్టిండు. గప్పుడు మీ పాఠం యాదికొచ్చింది. మా అత్తకేమన్న అయితె పీనుగను వాకిట్ల ఉంచనిస్తరా సారూ అని అడిగిన. ఆయన తాళంచెవి మల్ల జేబుల ఏస్కుండు."

ఆయన నంబరివ్వు, నేను మాట్లాడతానన్నాను.

"నిజం జెప్పాలె అంటిరి. చెప్పిన. ఇగ ఆ నిజాన్ని ఏడ పండవెట్టాలె మేడం, మీరే చెప్పున్రి."

ఇంకో ఇల్లు చూద్దామన్నాను. పెట్టేసింది.

ఆగస్టు 14

బాపు బాగానే ఉన్నాడు.

ఆగస్టు 17, ఆదివారం

క్లాసుకు పోచమ్మ రాలేదు.

సాయంత్రం కింది పోర్షన్ నుంచి నాగమణి ఆంటీ ఇడ్లీలు పట్టుకుని పైకి వచ్చారు. బాపు మింగగలడని మెత్తగా వేశారు. మా ఓనర్లు మంచివాళ్ళు. గుంటూరు వైపు నుంచి వచ్చి, అంకుల్ శ్రీరామమూర్తి గారు రిటైరయ్యాక ఈ ఇల్లు కట్టుకున్నారు. క్లాసులో ఓనర్లను తిట్టుకునేటప్పుడు నాకు వీళ్ళే గుర్తొస్తారు.

వెళ్తూ వెళ్తూ ఆంటీ నన్ను మెట్ల దగ్గరికి పిలిచారు. "ఎలా ఉందమ్మా, నిజంగా?"

"బాగానే ఉన్నాడాంటీ. మందులు మార్చారు."

"మీ అంకుల్ నిద్రపోవట్లేదమ్మా. దగ్గు వినిపించినా లేచి కూర్చుంటున్నారు, వినిపించకపోయినా లేచి కూర్చుంటున్నారు." చెంగుతో మొహం తుడుచుకున్నారు. "మా అత్తగారు పోయినప్పుడు నక్షత్రం మంచిది కాదన్నారు. ఆరు నెలలు ఇల్లు వదిలేసి వాళ్ళింట్లో కొన్నాళ్ళు, వీళ్ళింట్లో కొన్నాళ్ళు ఉన్నాం. ఎంత మాటలు పడ్డామో. ఇప్పుడు కార్తీకంలో మా భార్గవ్ పెళ్ళి. ఈ ఇల్లు మూసుకుంటే పీటలెక్కడ వేస్తాం చెప్పు?"

"అలాంటిదేమీ జరగదాంటీ."

"అదేనమ్మా. మీ అమ్మ మాటిచ్చిందనే నా ధైర్యం."

"ఏం మాట?"

ఆవిడ నా మొహం చూసి, ఖాళీ గిన్నె అందుకున్నారు. "అమ్మనడుగు తల్లీ."

ఆగస్టు 18, సోమవారం

అడిగాను. అమ్మ గిన్నెలు తోముతూ తల ఎత్తకుండా చెప్పింది.

"ఆఖరి గడియల ఇంట్ల ఉంచం, బయటికి తీస్కపోతమని చెప్పిన."

"ఎప్పుడు?"

"నువ్వు ముందటింట్ల సార్‌తోని సంతకాలు పెట్టిస్తున్నవ్ సూడు, గప్పుడే. నేను వంటింట్ల ఆయమ్మ చేతుల చెయ్యేసిన."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తె నువ్వు అది గూడ కాయితంల రాయిస్తవ్."

నాకు ఒళ్ళు మండింది. మన దగ్గర అగ్రిమెంటు ఉంది, పదకొండు నెలలు మనల్ని ఎవరూ కదల్చలేరు, నీ నోటిమాట ఎక్కడా చెల్లదు అన్నాను. అమ్మ బూడిద చేతులతోనే నా వైపు తిరిగింది.

"నీ కాయితం జూసి ఇల్లిచ్చిన్రనుకున్నవా బిడ్డా? ఎన్ని ఇండ్లు తిరిగినం? అందరికీ జూపిస్తివి గద కాయితం. మీ బాపు ఒక్కసారి దగ్గంగనే తలుపు పెట్టుకున్నోళ్ళే అందరు. ఈ ఇంట్ల గూడ గట్లనే అయితుండె."

మిగతా ఓనర్లు ఒప్పుకోకపోవడానికి వేరే కారణాలున్నాయని నేను అనుకున్నాను. ఒకరికి బ్యాచిలర్స్ కావాలి. ఒకరి ఇంట్లో నీళ్ళు తక్కువ.

మంచం మీంచి బాపు గొంతు వచ్చింది. వింటున్నాడని మాకు తెలియదు. "కొట్లాడుకోకున్రి. నన్ను గేటు బయట ఏసిరాండ్రి. విమానపోళ్ళు ఎక్కించుకపోతరు. నాకెట్లనో టికెట్ ఫిరీ ఉంటది, ఊరు ఇచ్చినోన్ని."

నవ్వబోయి దగ్గాడు. అమ్మ పరిగెత్తింది.

ఆగస్టు 21, గురువారం

ఆఫీసులో మా నమూనా అగ్రిమెంటుకు ఒక కొత్త షరతు రాశాను. కిరాయిదారు కుటుంబంలో ఎవరైనా అనారోగ్యంతో ఉన్నా, మరణించినా, ఆ కారణంగా ఇల్లు ఖాళీ చేయమనరాదు, అంత్యక్రియలు పూర్తయ్యేవరకు పార్థివదేహాన్ని ఇంటి వద్ద ఉంచుకోనివ్వాలి.

మృదుల మేడం రెండుసార్లు చదివారు. "బాగా రాశావు స్వర్ణా. కానీ ఈ ముక్క చూశాక సంతకం పెట్టే ఓనరు ఉంటాడా? మన దగ్గరికి వచ్చేవాళ్ళకు ముందు ఇల్లు దొరకాలి కదా."

"దొరికిన ఇంట్లో చచ్చే హక్కు లేకపోతే ఎలా మేడం?"

ఆమె కళ్ళజోడు తీసి నన్ను చూశారు. ఇంట్లో అంతా కులాసానేనా అని అడిగారు. బాగానే ఉన్నామన్నాను.

ఆగస్టు 24, ఆదివారం

క్లాసు లేదు, అంగన్‌వాడీలో ఏదో మీటింగు. బాపు దగ్గర కూర్చున్నాను. కిటికీలోంచి విమానం దిగుతుంటే వేలు చూపించాడు.

"గదిగో, మన కొట్టం మీదికెళ్ళి దిగవట్టింది. ఎడ్లు బెదురుతయి."

"ఎడ్లు లేవు బాపూ."

"నాకెరుకలేదా?" విమానం కనుమరుగయ్యాక అన్నాడు. "మా నాయిన గా ఇంట్లనే పోయిండు. నడిమింట్ల చాప మీద. చుట్టూర అందరం ఉన్నం. మా అవ్వ గోడకు ఆనుకొని కూసుంది. గంతే. ఎవ్వలను అడగలె."

నా చెయ్యి పట్టుకున్నాడు. అతని వేళ్ళు చల్లగా ఉన్నాయి. వర్షాలకు గది చల్లబడిపోయింది.

నేను నిర్ణయించుకున్నాను. ఎవరేమన్నా బాపు ఈ మంచం మీంచి కదలడు.

ఆగస్టు 29, శుక్రవారం

అంకుల్ నన్ను కిందికి పిలిచారు. హాల్లో వినాయకుడు ఇంకా ఉన్నాడు, మొన్న పండక్కి పెట్టింది. ఆయన కూర్చోమన్నారు. నేను నిలబడే ఉన్నాను. అగ్రిమెంటు కాపీ చేతిలో ఉంది.

"అమ్మాయ్, నాన్నగారిని ఎక్కడికైనా మారుస్తున్నారా? ఏదైనా ఆసుపత్రికి?"

"ఆసుపత్రివాళ్ళే ఇంటికి పంపారంకుల్."

"మీ బంధువులు?"

"బాపు తమ్ముడు, మా సత్తయ్య కాక, ఆయన ఒక్కడే. ఆయనా షాద్‌నగర్‌లో కిరాయికే ఉంటున్నాడు."

"మీ సొంతూరికి?"

నేను కిటికీ బయటికి చూపించాను. ఆయనకు తెలుసు. అడిగాక గుర్తొచ్చి తల దించుకున్నారు.

క్లాసులో చెప్పినట్టే చెప్పాను. గొంతు పెంచకుండా, ఒక్కో షరతు విడివిడిగా. అంతా విన్నారు. "చట్టం నీ వైపే ఉందమ్మా. ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేశాను, ఆ మాత్రం నాకూ తెలుసు. కానీ నాకు భయంగా ఉంది. ఈ వయసులో భయపడుతున్నానని నీకు చెప్పుకోవడానికి సిగ్గుగా కూడా ఉంది. నన్నేం చెయ్యమంటావు?"

కేకలేస్తారని అనుకున్నాను. కేకలకు నా దగ్గర జవాబులున్నాయి.

ఆగస్టు 31

పోచమ్మ క్లాసుకు వచ్చింది. పహాడీ షరీఫ్ వైపు రేకుల గది దొరికిందట. "అత్త ఉందని చెప్పలే మేడం. సీకట్ల ఆటోల తెచ్చి లోపల పండవెట్టినం" అంది. అందరి ముందే అంది, నన్ను చూస్తూ. నేను పాఠం మొదలుపెట్టాను. అడ్వాన్సు రసీదు గురించి.

సెప్టెంబర్ 4

జావ వద్దన్నాడు.

సెప్టెంబర్ 7

తడి గుడ్డతో పెదాలు తుడుస్తున్నాం. ఇది మామూలేనట, ఇంటర్నెట్‌లో చదివాను, కొందరు దీన్నుంచి కోలుకుంటారు.

సెప్టెంబర్ 11, గురువారం

బాపు పోయాడు. దవాఖానకు తీసుకెళ్తుండగా, దారిలో.

సెప్టెంబర్ 12

దవాఖాన నుంచి నేరుగా వైకుంఠధామానికి తీసుకెళ్ళాం. అక్కడి రేకుల షెడ్డు కింద పడుకోబెట్టాం. మా ఊరివాళ్ళు చాలామంది వచ్చారు. ఎక్కడెక్కడో చెదిరిపోయినవాళ్ళు. నాకు తెలియని ముసలమ్మలు నా గడ్డం పట్టుకుని ఏడ్చారు. సత్తయ్య కాక కొరివి పెట్టాడు.

అందరూ ఒకటే అడిగారు, యాడ పోయిండు, ఇంట్లనేనా అని. దారిలో అని చెప్పాను. మృదుల మేడం ఫోన్ చేశారు. దారిలో మేడం అన్నాను. దవాఖానలో డాక్టరుకూ అదే చెప్పాం. దారిలో. దవాఖానకు పోయే దారిలో.

సాయంత్రం గదికి తిరిగి వచ్చాం. గేటు దగ్గర అంకుల్ మమ్మల్ని చూసి చేతులు జోడించారు. లోపలికి రావద్దని అనలేదు. ఎందుకంటారు? ఇంట్లో ఏమీ జరగలేదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

క్లాసువాళ్ళు పరామర్శకు వచ్చారు. చాప మీద అమ్మ చుట్టూ కూర్చున్నారు. పోచమ్మ గదంతా కలియజూసింది. గోడకు నిలబెట్టిన మంచం చూసింది.

"దారిలనే పోయిండా?"

"దారిలనే" అంది అమ్మ.

"మంచిగ పోయిండక్కా. ఓనర్‌కు తక్లీఫ్ లేదు, మీకు తక్లీఫ్ లేదు. మా అత్తకు గూడ జర గిట్ల తెల్వి ఉంటె మంచిగుండు. నేను రోజు చెప్త, పోయేదుంటె బయటికి పోయినప్పుడు పో అని."

ఒకరిద్దరు నవ్వబోయి ఆగారు. పోచమ్మ కళ్ళలో నీళ్ళున్నాయి. నరేందర్ గడప దగ్గరే నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. ఆ పొద్దున ఆటో తెచ్చింది అతనే.

సెప్టెంబర్ 15, సోమవారం

అమ్మ సంచిలో ప్రమిద, నూనె సీసా, అగ్గిపెట్టె పెట్టుకుని బయల్దేరింది. ఎక్కడికంటే చెప్పదు. వెనకే వెళ్ళాను. హైవే పక్కన సర్వీసు రోడ్డులో, ఫ్లైఓవర్ స్తంభం దగ్గర ఆగింది.

ప్రాణం పోయిన చోట పదో రోజు దాకా దీపం పెట్టాలి. ఆ వెలుతురు లేకపోతే పోయిన మనిషి దారి తెలియక అక్కడే తిరుగుతాడంటారు.

అమ్మ మట్టి చదును చేసి ప్రమిద పెట్టింది. వెలిగించింది. లారీ పోయింది, ఆరింది. మళ్ళీ వెలిగించింది. బస్సు పోయింది. కొంగు అడ్డం పెట్టి వెలిగించింది. చివరికి అగ్గిపెట్టె అయిపోయింది. అమ్మ ఆ స్తంభానికి ఆనుకుని కూలబడింది.

"ఇంటికి పోదాం అమ్మా."

"ఈడనే అని చెప్తిమి గదనే అందరికి" అంది. "ఈడనే పెట్టాలె."

తిరిగి వచ్చేసరికి నాగమణి ఆంటీ గేటు దగ్గర ఉన్నారు. అమ్మ సంచిలోంచి నూనె కారుతోంది. ఆవిడ సంచిని చూశారు. అమ్మ కొంగుకు అంటిన మసిని చూశారు.

సెప్టెంబర్ 16, మంగళవారం

దారిలో కాదు.

ఇక్కడైనా రాస్తాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

పాలవాడు వచ్చి వెళ్ళాడు. బాగా తెల్లవారింది. నేను బాపు తల నా ఒళ్ళో పెట్టుకున్నాను, ఎగశ్వాస తగ్గుతుందని. నిజంగానే తగ్గింది. తేలికపడ్డాడనుకుని అమ్మకు చెప్పాను. "అమ్మా, చూడు, ఊపిరి సాఫీగా ఆడుతోంది." అమ్మ వచ్చి ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది.

నా నోట్లోంచి ఏడుపు రాబోయింది. అమ్మ చేత్తో నా నోరు మూసేసింది. గట్టిగా. ఆమె గాజు నా పెదవిని కోసింది.

"ఏడ్వకు. కింద ఇంటరు."

"అమ్మా..."

"మాటిచ్చిన. ఏడ్వకు. నరేందర్‌కు ఫోన్ జెయ్యి."

నేను ఏమనాలి? కదలనివ్వనని ఇందులోనే రాసుకున్నాను. చట్టం తెలుసు. అప్పటికప్పుడు తలుపు తీసి గట్టిగా ఏడవచ్చు. ఎవరూ ఏమీ చెయ్యలేరు. కానీ ఇల్లంటూ ఉంటే కదా అమ్మను పెట్టుకునేది, ఇంకో ఇల్లు ఎవరిస్తారు అని కూడా అనుకున్నాను. అంత తొందరగా అనుకున్నాను. బాపు తల ఇంకా నా ఒళ్ళోనే ఉంది. ఫోన్ చేశాను.

చొక్కా తొడిగాం. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటి కప్పాం. నరేందర్ వచ్చి బాపు చెయ్యి పట్టుకున్నాడు, పట్టుకోగానే తెలిసిపోయింది. "పెద్దయ్యా, జర గట్టిగ కూసో, మెట్లు దిగుదం" అన్నాడు. అమ్మ కూడా మాట్లాడుతూనే దిగింది. "అయిపోయింది, ఇంకొక్క మెట్టు. దవాఖానకు పోతె సూది ఇస్తరు. అట్లనే, అట్లనే." మెట్టు మెట్టుకూ.

గేటు ముందు ఆంటీ ముగ్గు వేస్తున్నారు. మమ్మల్ని చూసి పక్కకు తప్పుకున్నారు. బాపు కాలి చెప్పు జారి ముగ్గులో పడింది. ఆవిడ వంగి దాన్ని తీసి, బాపు కాలు పట్టుకుని తొడగబోయారు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

తల ఎత్తి అమ్మను చూశారు. అమ్మ చూపు తిప్పుకోలేదు.

ఆంటీ చెప్పు తొడిగారు. దుప్పటి కాళ్ళ మీదికి లాగారు. "జాగ్రత్తగా తీసుకెళ్ళండి" అన్నారు. లోపల్నించి అంకుల్ ఎలా ఉందని కేకేశారు. "దవాఖానకు తీసుకెళ్తున్నారండీ" అని ఆవిడే జవాబిచ్చారు.

హైవే ఎక్కాక ఆ స్తంభం దగ్గర అమ్మ ఆటో ఆపమంది. అక్కడ ఏడ్చింది.

సెప్టెంబర్ 17, బుధవారం

అంకుల్ పెళ్ళికార్డుల పని మీద సిటీకి వెళ్ళారు. ఆయన స్కూటరు చప్పుడు సందు దాటిందో లేదో, ఆంటీ పైకి వచ్చారు. చేతిలో ఇత్తడి కుంది, వత్తి వేసి నూనె పోసి ఉంది.

"మంచం ఎక్కడుండేది?" అన్నారు.

అమ్మ లేచి నిలబడింది. నేను చూపించాను, కిటికీ కింద. ఆవిడ ఆ చోట తన కొంగుతోనే నేల తుడిచారు. కాసిని బియ్యం పోసి, వాటి మీద కుంది పెట్టి వెలిగించారు. గాలి తగలకుండా కిటికీ రెక్క మూశారు. నిలబడి దణ్ణం పెట్టుకున్నారు.

అమ్మ అప్పుడు ఏడ్చింది. వైకుంఠధామంలో కూడా అలా ఏడవలేదు. గోడకు ఆనుకుని, గొంతు విప్పి, బాపును పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. ఆంటీ ఆపలేదు. కింద ఎవరైనా వింటారని అనలేదు.

చాలాసేపటికి ఆంటీ నా పక్కన కూర్చున్నారు.

"పదో రోజు దాకా ఈ దీపం ఉండనివ్వండమ్మా. అంకుల్‌తో నేను చెప్పుకుంటాను." కాసేపు దీపం వైపు చూశారు. "నాకు తెలియనట్టు ఉండిపోదామనుకున్నాను స్వర్ణా. మొన్న మీ అమ్మ కొంగు చూశాక నా వల్ల కాలేదు. ఇంట్లో పోయిన మనిషికి రోడ్డు మీద దీపమేంటి? కానీ ఇక్కడ వెలిగించాక నాకు తెలియదని అనలేను కదా. పంతులుగారిని పిలిపించాలి. ఇల్లు మూయమంటారో, శాంతి చేయిస్తే చాలంటారో." చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "మీరు మాత్రం దసరాలోపు ఖాళీ చెయ్యండి తల్లీ. ఏమీ అనుకోకు."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కళ్ళు తుడుచుకుని, ఆ మాట కోసమే చూస్తున్నట్టు వెంటనే అంది. "సరే అమ్మా. పోతం. దీపం పెట్టనిచ్చినవ్, గదే శానా మాకు."

ఖాళీ చేయించాలంటే నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాలి. నేనే రాయించిన షరతు. అగ్రిమెంటు నా బ్యాగులోనే ఉంది, బ్యాగు చేతికందేంత దూరంలో ఉంది. ఆంటీ నా జవాబు కోసం చూస్తున్నారు.

వత్తి కొడిగడుతోంది. నేను లేచి, పుల్లతో ఎగదోసి, నూనె పోశాను.